బల్ల అడుగున కొన్నవారి పేరు

కొత్త బల్ల ఇంటికి రాగానే దాని అడుగున కంపెనీ చీటీ ఉందో లేదో చూస్తాం. పేరున్న కంపెనీ అయితే అదో తృప్తి. కానీ అమెరికాలో ఒకాయన చేసిన బల్లల కింద చాలా ఏళ్ళపాటు ఆయన పేరే ఉండేది కాదు. ఎవరి కోసం చేశాడో వాళ్ళ పేరు సిరాతో రాసి ఉండేది. ఆ బల్ల ఎవరికీ అమ్మడానికి ముందుగా చేసిపెట్టినది కాదు, ఫలానా వాళ్ళ కోసం పుట్టినది అని దాని అర్థం. ఆయన పేరు జార్జ్ నకషిమా. 1990 జూన్‌లో పోయాడు. పెద్ద పెద్ద చదువులు చదివిన ఆర్కిటెక్టు అయినా, కర్రపని చేసేవాణ్ణని చెప్పుకోవడమే ఆయనకు ఇష్టం.

ఈయన సంగతి మనకెందుకు అంటారా? రెండున్నరేళ్ళ పైచిలుకు ఆయన మన పాండిచ్చేరిలో ఉన్నాడు. అక్కడ దగ్గరుండి కట్టించిన మేడ పేరు గోల్కొండ. ఆ పేరు ఎలా వచ్చిందో వింటే మీకూ సరదాగా ఉంటుంది. అది కాస్త ఆగి చెబుతాను.

జపాన్ నుంచి అమెరికా వలస వెళ్ళిన దంపతులకు 1905లో, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ ఊళ్ళో పుట్టాడు నకషిమా. ఆ చుట్టుపక్కలంతా కొండలు, అడవులు. స్కౌటు పిల్లలతో కలిసి ఆ అడవుల్లో తిరిగి తిరిగి చెట్ల మీద ప్రేమ పెంచుకున్నాడు. కాలేజీలో ముందు అడవుల పెంపకం చదువులోనే చేరాడు. తర్వాత భవన నిర్మాణం వైపు మళ్ళాడు. కొన్నాళ్ళు ఫ్రాన్స్‌లో, ఆ తర్వాత ప్రసిద్ధమైన ఎమ్.ఐ.టి.లో చదువు పూర్తి చేశాడు. ఉద్యోగం దొరికింది గానీ, 1930ల ఆర్థిక మాంద్యంలో అది కాస్తా ఊడింది.

ఉద్యోగం పోయిన కుర్రాడు మామూలుగా ఏం చేస్తాడు? ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు. ఈయన కారు అమ్మేసి, ఆ డబ్బుతో ప్రపంచం చుట్టివచ్చే ఓడ టిక్కెట్టు కొన్నాడు! పారిస్‌లో కొన్నాళ్ళు ఉండి, చివరికి తల్లిదండ్రుల దేశం జపాన్ చేరాడు. అక్కడ ఆంటొనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు ఆఫీసులో పనికి కుదిరాడు. రేమండ్ పుట్టింది ఐరోపాలో, పౌరసత్వం అమెరికాది, ఆఫీసేమో టోక్యోలో. జపాన్ వడ్రంగుల పనితనం నకషిమా దగ్గరనుంచి చూసింది ఆ రోజుల్లోనే. మేకు అక్కర్లేకుండా, ఒక చెక్క కొనను చెక్కి, ఇంకో చెక్కకి తొలిచిన బెజ్జంలో కదలకుండా కూర్చోబెట్టే పని అది. మన పాత పెంకుటిళ్ళ ద్వారబంధాలు, పందిరి మంచాలు చూసినవాళ్ళకి ఈ పనితనం కొత్త కాదు.

అప్పుడే పాండిచ్చేరి శ్రీ అరవిందాశ్రమం నుంచి రేమండ్‌కి కబురొచ్చింది. సాధకులు ఉండటానికి ఒక వసతి గృహం కట్టాలి. నిర్మాణం దగ్గరుండి చూసుకునే పని నకషిమాకి అప్పగించారు. ఆ కట్టడానికి డబ్బెక్కడిది? హైదరాబాదు సంస్థానంలో పెద్ద పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీకి అరవిందులంటే ఎంతో భక్తి. ఆయన చొరవతో నిజాం ప్రభుత్వం లక్ష రూపాయలు ఇచ్చింది. ఆ కాలంలో లక్ష అంటే మాటలా! ఆ సొమ్ము వచ్చిన చోటుకి గుర్తుగా ఆశ్రమ మాత ఆ మేడకి గోల్కొండ అని పేరు పెట్టారు. ఫ్రెంచి వాళ్ళ ఊరు కదా, వాళ్ళ పలుకుబడిలో అది గోల్కొండ్ అయింది. మన కోట పేరు మోస్తున్న మేడ సముద్రపొడ్డున ఒకటుందని మనలో ఎంతమందికి తెలుసు?

1937లో పని మొదలైంది. మన దేశంలో ఇనుము, కాంక్రీటు కలిపి కట్టిన తొలినాటి కట్టడాల్లో అదొకటి. పాండిచ్చేరి ఎండలు, ఉక్కపోత మనకి తెలిసినవే. అందుకని గోడల స్థానంలో తెరిచి మూసే పలకలు అమర్చారు. గాలి రావాలంటే తెరుచుకోవచ్చు, జల్లు కొడితే మూసుకోవచ్చు. గదుల తలుపులు టేకువి. గాలి ఆడేట్టు, అయినా లోపలి మనిషి కనపడనట్టు సన్నని బద్దలతో అల్లిన జరుపుడు తలుపులు. ఇక గడియలు, బందుల కోసం బజారుకి వెళ్ళలేదు. పాత ఇత్తడి వంటపాత్రలు కరిగించి, అక్కడికక్కడే పోత పోశారు. ఎన్ని వంటిళ్ళలో ఎన్నాళ్ళు ఉడికిన గిన్నెలో అవి!

ఆ మేడలో గదులకి కావలసిన సామాను కూడా టేకుతో నకషిమానే రూపొందించాడు. ఆయన చేతినుంచి వచ్చిన తొలి ఫర్నిచర్ అదేనని చెప్పాలి. ఆశ్రమ జీవితం ఆయన్ని ఎంత లాక్కుందంటే, జీతం వద్దని చెప్పి తానూ సాధకుడిగా చేరిపోయాడు. అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరు పెట్టారు. సౌందర్యంలో ఆనందం పొందేవాడు. అక్కడే ఉండిపోయేవాడేమో కూడా. కానీ ప్రపంచం యుద్ధం వైపు జారిపోతోంది. 1939లో బయల్దేరి, చైనా మీదుగా జపాన్ వెళ్ళాడు.

టోక్యోలో మారియన్ ఒకజిమా పరిచయమైంది. ఆమె కూడా అమెరికాలో పుట్టిన జపనీయుల అమ్మాయే. అక్కడ ఇంగ్లీషు పాఠాలు చెబుతుండేది. ఇద్దరూ అమెరికా చేరుకుని 1941లో పెళ్ళి చేసుకున్నారు. ఈ మారియన్‌ని గుర్తుపెట్టుకోండి. నకషిమా గురించి రాసేవాళ్ళు చెట్లు, ఆత్మ, సౌందర్యం అంటూ పేజీలు నింపుతారు గానీ, ఈవిడ దగ్గరికొచ్చేసరికి రెండు వాక్యాలతో సరిపెడతారు.

అమెరికా తిరిగొచ్చాక నకషిమా అక్కడ కొత్తగా లేస్తున్న కట్టడాలు చూడ్డానికి వెళ్ళాడు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అంతటి మహామహుని కట్టడాల్లో కూడా పైకి కనిపించే అందమే తప్ప లోపలి పనితనం ఆయనకు తృప్తినివ్వలేదు. గీసేవాడొకడు, కట్టేవాడొకడు, మధ్యలో కంట్రాక్టరు. ఇల్లు కట్టించినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పాలా! మొదట్నుంచి చివరిదాకా తన చేతిలోనే ఉండే పని కావాలనుకున్నాడు. ఆ పని ఫర్నిచర్‌లో దొరికింది. సియాటిల్‌లో ఒక క్రైస్తవ సంస్థ వాళ్ళ కుర్రాళ్ళకి కర్రపని నేర్పేట్టు, అందుకు బదులు నేలమాళిగలో దుకాణం పెట్టుకునేట్టు ఒప్పందం కుదిరింది.

పెళ్ళయి ఏడాది తిరక్కుండానే పిడుగు పడింది. 1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాంతో పడమటి తీరంలో ఉన్న జపాన్ సంతతి వాళ్ళనందర్నీ శిబిరాలకు తోలేశారు. మొత్తం 1,20,000 మంది. వాళ్ళలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టి, అమెరికా పౌరులైనవాళ్ళు! నేరం లేదు, విచారణ లేదు. చేత్తో మోయగలిగినంత సామానే పట్టుకెళ్ళాలి. మిగిలింది వచ్చిన ధరకి అమ్ముకున్నవాళ్ళు, ఇరుగుపొరుగుకి అప్పజెప్పి వెళ్ళినవాళ్ళు ఎందరో.

నకషిమా దంపతులకి ఆ ఫిబ్రవరిలోనే ఆడపిల్ల పుట్టింది. మీరా అని పేరు పెట్టుకున్నారు. పురుటి మంచం దిగిన తల్లి, కొన్ని వారాల పసిగుడ్డు. వాళ్ళని ఐడహో రాష్ట్రంలోని మినిడోకా శిబిరానికి చేర్చారు. ఎడారి లాంటి చోటు అది. చుట్టూ ముళ్ళతీగ, కాపలా బురుజులు. తారు కాగితం కప్పిన కర్ర షెడ్లు, ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, అందరికీ కలిపి భోజనశాల. సందుల్లోంచి దుమ్ము కొట్టుకొచ్చే గదిలో చంటిపిల్లని ఎలా పెంచిందో ఆ తల్లికే తెలియాలి.

విచిత్రం ఏమంటే, నకషిమా చేతికి అసలైన పదును వచ్చింది ఆ శిబిరంలోనే. జెంటారో హికోగావా అనే వడ్రంగి అక్కడ ఉన్నాడు. జపాన్‌లో సంప్రదాయంగా పని నేర్చినవాడు. ఎమ్.ఐ.టి. పట్టభద్రుడు ఆయన పక్కన కూర్చుని రంపం పట్టడం, ఉలి పట్టడం, చిత్రిక పట్టడం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నాడు. కలప ఎక్కడిదనుకున్నారు? సామాను వచ్చిన డొక్కు పెట్టెలు, కట్టడాల్లో మిగిలిన తుక్కు ముక్కలు, ఎడారిలో వంకర్లు తిరిగి పెరిగిన పొదల మొదళ్ళు. అటువంటి కర్ర మరొకళ్ళ చేతిలో పొయ్యిలోకి తప్ప పనికిరాదు. వంకర ఉన్న కర్రని వంకరగానే వాడుకోవడం, ఉన్నదాన్ని పారేయకుండా దాని తీరుని బట్టి పని చేయడం ఆయనకు అక్కడ అబ్బింది. తర్వాత లోకమంతా మెచ్చుకున్నది ఆ గుణాన్నే. అయితే, శిబిరం వల్లే అంత గొప్పవాడయ్యాడు అని కొందరు రాస్తారు చూడండి, అది మాత్రం నాకు మింగుడుపడదు. నేర్చుకున్నది ఆ ఇద్దరి గొప్పతనం. నిర్బంధించిన వాళ్ళకి అందులో వాటా ఏమిటి?

1943లో పాత యజమాని రేమండ్ పూచీ పడితే విడుదలయ్యారు. రేమండ్ అప్పటికి పెన్సిల్వేనియాలో న్యూ హోప్ అనే ఊరి దగ్గర పొలం కొనుక్కుని ఉన్నాడు. ఆయన ప్రభుత్వ పనులు చేస్తుండటంతో, నకషిమాని ఆర్కిటెక్టుగా పెట్టుకోవడానికి వీల్లేకపోయింది. అందుకని గోల్కొండ మేడ కట్టించిన చేతులు కోళ్ళ పెంపకంలో పడ్డాయి. కొన్నాళ్ళకి ఆ కోళ్ళు వదిలేసి, ఒక అద్దె ఇంట్లో మళ్ళీ చిత్రిక పట్టాడు. తర్వాత దగ్గర్లోనే మూడెకరాల నేల దొరికింది. చేతిలో డబ్బు లేదు. ఆ నేలకి బదులు తన పనితనాన్నే ఇచ్చాడు. ముందు కట్టింది ఇల్లు కాదు, పని చేసుకునే షెడ్డు! అంతవరకు భార్యాబిడ్డలతో గుడారంలో కాపురం. అయినవాళ్ళు ఎంత బతిమాలినా మనం ఒప్పుకుంటామా అని.

ఆ షెడ్డులోంచి వచ్చిన వస్తువుల్లో ఏముందంత గొప్పతనం? ఆ రోజుల్లో అమెరికాలో అందరూ మెచ్చే ఫర్నిచర్ అంటే నున్నగా, మెరుస్తూ, ఒకే అచ్చులో పోసినట్టు ఉండాలి. ఈయన దానికి ఎదురు వెళ్ళాడు. దుంగని నిలువునా కోస్తే వచ్చే పలకకి రెండు అంచులూ చెట్టు పెరిగిన తీరులోనే ఒంపులు తిరిగి ఉంటాయి కదా. మామూలుగా ఆ అంచులు చెక్కి తిన్నగా చేస్తారు. ఈయన బెరడు తీసి, ఆ ఒంపుని అలాగే ఉంచేవాడు. ముడి ఉంటే దాన్ని మధ్యలో కనిపించేట్టు పెట్టేవాడు. పగులు ఉంటే? మన దగ్గరైతే లప్పం పెట్టి, పైన రంగు వేసి, కొనేవాళ్ళకి కనపడకుండా మాయ చేస్తారు. ఈయన ఆ పగులుకి అడ్డంగా సీతాకోకచిలుక రెక్కల్లాంటి ఆకారంలో, తరచు వేరే రంగు చెక్కతో, ఒక బిళ్ళ బిగించేవాడు. నడుము సన్నగా, రెండు పక్కలా వెడల్పుగా ఉండే ఆ బిళ్ళ పగులు ఇంకా విచ్చుకోకుండా పట్టి ఉంచుతుంది. పైగా అదే ఆ బల్లకి ఆభరణం. చిరిగిన చోట పువ్వు కుట్టే ఆడవాళ్ళకి ఆ తెలివి చప్పున అర్థమవుతుంది.

ఇదంతా తేలిగ్గా అయ్యే పని కాదు. చెట్టు నేలకూలిందని తెలిస్తే వెళ్ళి చూసి కొనేవాడు. అక్రోటు, చెర్రీ ఎక్కువ. దుంగని కోసేటప్పుడు మిల్లు దగ్గర తానే నిలబడి, ఏ వైపు నుంచి, ఎంత మందంలో కోయాలో చెప్పేవాడు. వందేళ్ళు పెరిగిన చెట్టు ఒక్క తప్పు కోతతో వంటచెరుకైపోతుంది. కోసిన పలకల్ని విడదీయకుండా, మధ్య మధ్య గాలి ఆడటానికి సన్న బద్దలు పెట్టి, దుంగ వరసలోనే పేర్చేవాడు. అవి ఏళ్ళ తరబడి ఆరాలి. పచ్చి కర్రతో చేసిన తలుపు వేసవి వచ్చేసరికి ఎలా సందులిస్తుందో మన ఇళ్ళలో చూస్తూనే ఉంటాం. ఆ షెడ్ల నిండా పలకలే. ఏ పలక ఏమవుతుందో తనకే తోచేదాకా అలా ఆగేవి, కొన్ని పదేళ్ళు, ఇరవై ఏళ్ళు కూడా.

బల్ల కావాలనుకున్నవాళ్ళు న్యూ హోప్ వచ్చేవారు. ఇల్లు ఎంత, గది ఎంత, ఎంతమంది కూర్చుంటారు అన్నీ మాట్లాడుకున్నాక, షెడ్డులోకి తీసుకెళ్ళి పలకలు చూపించేవాడు. ఒక కాగితం మీద చిన్న బొమ్మ గీసేవాడు. నచ్చితే ఆ పలక మీద వాళ్ళ పేరు పడేది. ఇక ఆ చెట్టు వాళ్ళది. ఈ ఒక్క సంగతే నాకు ఎన్ని షోరూములు తిరిగినా దొరకని సుఖంలా అనిపిస్తుంది. పెద్ద కంపెనీలకి నమూనాలు ఇవ్వలేదని కాదు. 1940లలో నోల్ కంపెనీకి, 1957 తర్వాత కొన్నేళ్ళు విడ్డికోంబ్ అనే మరో కంపెనీకి ఇచ్చాడు. ఇల్లు గడవాలి కదా. కానీ మనసంతా సొంత దుకాణంలోనే.

ఇక్కడే మారియన్ పని. వచ్చినవాళ్ళతో మాట్లాడటం, లెక్కలు, డబ్బు వసూళ్ళు, పనివాళ్ళ జీతాలు అన్నీ ఆమే. 1954లో కొడుకు కెవిన్ పుట్టాడు. చెట్టుకి మరో జన్మ ఇవ్వాలని భర్త ఆలోచిస్తుంటే, ఈ నెల జీతాలు ఎలా అని ఆలోచించే మనిషి ఒకరు ఉండబట్టే ఆ దుకాణం నిలబడింది. మన ఊళ్ళలో పేరున్న కుటుంబ వ్యాపారాలు ఏవి తీసుకున్నా లోపల గల్లాపెట్టె తాళంచెవి ఎవరి కొంగున ఉండేదో ఆరా తీయండి.

1950లలో కూతురి కోసం మూడు కాళ్ళతో ఒక చిన్న కుర్చీ చేశాడు. అది అందరికీ నచ్చి, మీరా కుర్చీగానే చలామణి అయింది. తర్వాత 1960లో చేసిన కోనాయిడ్ కుర్చీకి రెండే కాళ్ళు. నేల మీద ఆన్చిన రెండు బద్దల మీద ఆ కాళ్ళు నిలబడతాయి, కూర్చునే చెక్క వెనక ఆధారం లేకుండా గాల్లో ఉంటుంది. చూసినవాళ్ళు పడిపోతామేమోనని భయపడేవారు. పడదు. తివాచీ మీద కుర్చీ జరుపుకోవడానికి ఆ బద్దలు వీలుగా కూడా ఉంటాయి.

1964లో మళ్ళీ మన దేశం వచ్చి, అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మన కలపతో చేసే ఫర్నిచర్‌కి నమూనాలు ఇచ్చాడు. 1973లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ తన ఇంటి కోసం ఒకేసారి 200 వస్తువులకి ఆర్డరిచ్చాడు. శిబిరంలో డొక్కు పెట్టెలు విప్పుకున్న మనిషి, తీరిక దొరకనంత ప్రసిద్ధుడయ్యాడు. 1981లో తన అనుభవాలతో పుస్తకం రాశాడు. 1988లో అమెరికా ప్రభుత్వం శిబిరాల విషయంలో తప్పు ఒప్పుకుని, బతికున్నవాళ్ళకి తలా 20,000 డాలర్లు ఇస్తామంది. అప్పటికి ఆయనకి ఎనభై మూడేళ్ళు.

1989లో ప్రిన్స్‌టన్‌లో ఒక దంపతుల ఇల్లు కాలిపోయింది. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా చేయించుకున్న నకషిమా వస్తువులు వందకు పైగా బుగ్గయిపోయాయి. భీమా డబ్బు వస్తుంది గానీ అదే పలక మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ ముసలాయన దాచిపెట్టుకున్న మేలిమి పలకలు బయటికి తీసి, మళ్ళీ చేయడానికి పూనుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే, 1990 జూన్ 15న కన్నుమూశాడు. ఆ దంపతుల కోసం 1988లో చేసిన బల్ల ఒకటి 2006లో న్యూయార్కు వేలంలో 8 లక్షల డాలర్లకు పైగా పలికింది.

ఆయన పోయిన నాటికి ఆర్డర్లు చాలా మిగిలి ఉన్నాయి. ఆయనే లేనప్పుడు ఇంకెందుకని చాలామంది రద్దు చేసుకున్నారు. మీరా అప్పటికి ఇరవై ఏళ్ళుగా అదే దుకాణంలో పనిచేస్తోంది. హార్వర్డ్‌లో, టోక్యోలో ఆర్కిటెక్చర్ చదివింది. తండ్రి ఎదురుగా ఇల్లు కట్టిపెట్టి పిలిస్తే పిల్లలతో వచ్చి చేరింది. తండ్రి గీసిన గీతల్ని కొలతలతో సహా కాగితం మీద పెట్టింది ఆమే, పనివాళ్ళకి చెప్పింది ఆమే. అయినా, కూతురికేం చేతనవుతుంది అనే మాట ఆ దేశంలోనూ తప్పలేదన్నమాట! దుకాణం మూతపడుతుందనుకున్నారు. ఆమె మూయలేదు. తండ్రి పేర్చి వెళ్ళిన పలకలున్నాయి, నేర్చిన పనివాళ్ళున్నారు, తల్లి తోడుంది. మారియన్ 2004లో పోయేదాకా కూతురికి అండగా నిలిచింది. తండ్రి నమూనాలు కొనసాగిస్తూనే మీరా తన సొంతవి కూడా చేర్చింది. ఆ షెడ్లు, ఇల్లు ఉన్న ఆవరణని 2014లో అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

తండ్రి వదిలి వెళ్ళిన పని ఒకటి మాత్రం వ్యాపారం కాదు. 1984లో ఆయనకి ఒక మహా అక్రోటు దుంగ దొరికింది. దాని పలకలతో ఖండానికొక శాంతి బల్ల చేసిపెట్టాలని కోరిక. మొదటిది 1986 డిసెంబరు 31న న్యూయార్కులోని సెయింట్ జాన్ ది డివైన్ చర్చికి చేరింది. రెండు మహా పలకలు, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన, మధ్యలో ఆ సీతాకోకచిలుక బిళ్ళలు. రెండోది రష్యాకి వెళ్ళింది. మరొకటి మీరా చేతుల మీదుగా 1996లో మన దేశానికి వచ్చింది, పాండిచ్చేరి పక్కనున్న ఆరోవిల్‌కి. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, గోల్కొండలో, ఆయన టేకు తలుపులు ఇప్పటికీ జరుగుతున్నాయి.